అండమాన్‌లో ఏ గది తీసుకోవాలి? ఆ క్లబ్ మెంబర్‌షిప్ ఉంచుకోవాలా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. సంక్రాంతి సెలవుల్లో అమ్మానాన్నలను, మా ఎనిమిదేళ్ల బాబును తీసుకుని ఐదుగురం అండమాన్ వెళ్దామనుకుంటున్నాం. హావ్‌లాక్ ద్వీపంలో మూడు రాత్రులు, పోర్ట్ బ్లెయిర్‌లో రెండు. రెండు చోట్లా రెండేసి గదులు కావాలి. బసకు 75 వేలు పక్కన పెట్టాం. హావ్‌లాక్‌లో సముద్రం ఒడ్డున ఒక రిసార్ట్‌లో గది రోజుకు 8,200, ఆ వరుసలోనే ఇంకోదాంట్లో 7,200, బజారు దగ్గర లాడ్జిలో 2,600 చెబుతున్నారు. జీఎస్టీ అదనం. ఇంతలో, నాలుగు రోజుల క్రితం ఒక మాల్‌లో కూపన్ నింపితే పిలిచి హాలిడే క్లబ్ మెంబర్‌షిప్ గురించి చెప్పారు. 3.6 లక్షలు కడితే 25 ఏళ్లపాటు ఏటా ఏడు రాత్రులు ఉచితం, మెయింటెనెన్స్ మాత్రం ఏటా 18 వేలు. కార్డు మీద 20 వేలు అడ్వాన్స్ కట్టేశాను. మిగతాది నో కాస్ట్ ఈఎంఐలో కట్టొచ్చంటున్నారు. నాన్నకు మోకాళ్ల నొప్పులు. ఏం చేయమంటారు?

జవాబు: గదుల కంటే ముందు మెంబర్‌షిప్ సంగతి చూడాలి. అది ఇవాళే తేల్చుకోవాల్సిన పని.

ఏడు రాత్రులు ఉచితం అన్నారు కదా, లెక్క వేద్దాం. ఆ 3.6 లక్షలు బ్యాంకులో 7 శాతానికి డిపాజిట్ చేస్తే ఏడాదికి 25,200 వడ్డీ వస్తుంది. క్లబ్‌లో కడితే ఆ వడ్డీ పోతుంది, పైగా 18 వేలు మెయింటెనెన్స్. మొత్తం 43,200. ఏడు రాత్రులకు పంచితే ఒక్కో రాత్రి 6,171 పడుతుంది. ఇది మెంబర్‌షిప్ కొన్నవాళ్లకు అనుకూలంగా వేసిన లెక్కే. ఎందుకంటే 25 ఏళ్ల తర్వాత డిపాజిట్ అసలు మీ చేతిలోనే ఉంటుంది, మెంబర్‌షిప్ సొమ్ము ఉండదు. మెయింటెనెన్స్ 18 వేల దగ్గరే ఆగుతుందని కూడా అనుకోలేం. ఇక మీకు సెలవులు దొరికేది దసరాకు, సంక్రాంతికి, ఎండాకాలంలో. అందరికీ గదులు కావాల్సిందీ అప్పుడే. ఏ సీజన్‌లో గది ఇస్తారో, ఎన్ని నెలల ముందు అడగాలో మీ ఒప్పందంలో చదవండి. హాల్లో ప్రొజెక్టర్ మీద చూపించినదానికి, కాగితం మీద ఉన్నదానికి తేడా అక్కడే తెలుస్తుంది.

నా మాట వినండి, రద్దు చేసుకోండి. ఇలాంటి ఒప్పందాల్లో చాలావాటిలో సంతకం చేసిన కొద్ది రోజుల్లోపు వెనక్కి తగ్గే గడువు రాసి ఉంటుంది. అందుకే ఇవాళే అన్నాను. ఫోన్‌లో చెబితే సరిపోదు. ఈమెయిల్ పంపి, అదే ఉత్తరాన్ని రిజిస్టర్డ్ పోస్ట్‌లో కూడా పంపండి. ఈఎంఐ పెట్టొద్దని కార్డు ఇచ్చిన బ్యాంకుకు రాతపూర్వకంగా తెలపండి. 20 వేలు ఇవ్వకుండా తిప్పుతుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. నో కాస్ట్ ఈఎంఐ అనే మాటను కూడా నమ్మొద్దు. వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మామూలుగా మన బిల్లులోనే పడతాయి.

ఇప్పుడు గదుల దగ్గరికి వద్దాం. మీరు చెప్పిన రెండు రిసార్టుల మధ్య తేడా వెయ్యి రూపాయలు కాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 వరకు ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం. అది దాటితే మొత్తం అద్దె మీద 18 శాతం. కాబట్టి 8,200 గది మీకు 9,676 పడుతుంది, 7,200 గది 7,560 పడుతుంది. రెండు గదులు, మూడు రాత్రులకు మొదటిది 58,056, రెండోది 45,360. తేడా 12,696. అందులో 6,696 అచ్చంగా పన్నే. ఆ డబ్బుతో మీకు పరుపు మారదు, కిటికీలోంచి కనిపించే సముద్రమూ మారదు.

పన్ను వేసేది బోర్డు మీది రేటుకు కాదు, మీ దగ్గర నిజంగా తీసుకునే అద్దెకు. అందుకని 8,200 రిసార్టే నచ్చితే ఒకసారి నేరుగా ఫోన్ చేసి, ‘ఏడున్నర వేలకు ఇస్తారా?’ అని అడగండి. వాళ్లు 700 తగ్గిస్తే చాలు, బిల్లు 7,875 అవుతుంది. అంటే మీకు గదికి రోజుకు 1,801 తగ్గినట్టు. ఆరు గది అద్దెలకు 10,806. బాబుకు ఎక్స్‌ట్రా బెడ్ తీసుకుంటే ఆ చార్జీతో కలిపి గది అద్దె 7,500 దాటకుండా చూసుకోండి. ఇంకోటి, గత ఆర్థిక సంవత్సరంలో ఒక్క గదినైనా 7,500 పైన అద్దెకు ఇచ్చిన హోటల్‌లో రెస్టారెంట్ బిల్లు మీద కూడా 18 శాతమే. ఉదయం టిఫిన్ గదితో కలిసే వస్తుంది అనుకుంటే, మధ్యాహ్నం భోజనం హావ్‌లాక్‌లో మూడో నంబరు అని పిలిచే బజార్లో చేయండి. అక్కడి మామూలు హోటళ్లలో 5 శాతమే.

మరి 2,600 లాడ్జి? 7,200 రిసార్టుతో పోలిస్తే దాదాపు 29 వేలు మిగులుతుంది. స్నేహితులతో వెళ్తుంటే కళ్లు మూసుకుని లాడ్జి తీసుకోమనేవాణ్ని. మీ ఇద్దరూ బాబుతో నీళ్లలో పగడాలు చూసే స్నార్కెలింగ్‌కో, ఎలిఫెంట్ బీచ్‌కో వెళ్లినప్పుడు అమ్మానాన్నలు ఎక్కడ కూర్చుంటారో ఆలోచించండి. బజారు గదిలో టీవీ ముందు కూర్చోవాలి. ఒడ్డున వరండా ఉంటే కాఫీ తాగుతూ అలలు చూస్తారు. పగలంతా గడిపే చోట గదికి డబ్బు పెట్టొచ్చు, రాత్రి పడుకోవడానికి మాత్రమే చేరే చోట పెట్టకూడదు. పోర్ట్ బ్లెయిర్‌లో మీరు సెల్యులార్ జైలు, బోట్లు, బజారు అంటూ బయటే ఉంటారు. అక్కడ మూడు వేల గది చాలు. రెండు గదులు, రెండు రాత్రులకు పన్నుతో 12,600. హావ్‌లాక్‌లో 7,200 గదులతో కలిపితే 57,960. మీ 75 వేలల్లో 17 వేలు మిగులుతాయి. వాటిని ఫెర్రీకి, టాక్సీలకు ఉంచండి. ఐదుగురు స్కూటర్ మీద తిరగలేరు. రాధానగర్ బీచ్ జెట్టీ నుంచి పన్నెండు కిలోమీటర్ల దూరం. జనవరిలో ఐదున్నర దాటితే చీకటి, కాబట్టి తిరుగు టాక్సీ ముందే మాట్లాడుకోవాలి.

బీచ్ గది కదా, గది ముందే ఈత కొట్టొచ్చని మాత్రం అనుకోకండి. హావ్‌లాక్ తూర్పు ఒడ్డున, అంటే మూడు, ఐదు నంబర్ల బీచ్‌ల వరుసలో, ఆటు సమయంలో నీళ్లు చాలా దూరం వెనక్కి పోయి రాళ్లు, పగడాల ముక్కలు బయటపడతాయి. స్నానాలకు రాధానగర్ వెళ్లాల్సిందే. ‘సీ వ్యూ’ పేరుతో అదనంగా అడిగితే మీరు కొంటున్నది చూడ్డానికి మాత్రమే అని గుర్తుంచుకుని బేరమాడండి.

కొన్నేళ్ల క్రితం మా అమ్మను అక్కడికి తీసుకెళ్లాను. ఫొటోలో కాటేజీ అద్దంలా ఉంది, సముద్రమే కనిపించింది. వెళ్లి చూస్తే గది పైఅంతస్తులో. చెక్క మెట్లు నిటారుగా ఉన్నాయి, పట్టుకోవడానికి ఒకవైపు తాడు కట్టారు. అమ్మ ఒక్కసారి ఎక్కింది. ఆ రెండు రోజులూ నేను ప్లేట్ పట్టుకుని పైకీ కిందికీ తిరిగాను, ఆమె బీచ్‌ను కిటికీలోంచి చూసింది. కింది గదికి మార్చమంటే ఖాళీ లేదన్నారు. అడగకుండా బుక్ చేసింది నేనే. మీ నాన్నగారికి గ్రౌండ్ ఫ్లోర్ గది అని ఈమెయిల్‌లో రాయించుకోండి. బాత్రూమ్‌లో మెట్టు ఉందా, వెస్టర్న్ టాయిలెటేనా, కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా, ఇవి కూడా అడగండి.

బుకింగ్ సైట్లో హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్‌గా, పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురంగా కనిపిస్తే కంగారుపడకండి. మొదటి పేరు 2018లో, రెండోది 2024లో మారాయి. ఊళ్లు అవే.

మీ కంపెనీ ఎల్‌టీఏ (సెలవు ప్రయాణ భత్యం) ఇస్తూ, మీరు పాత పన్ను విధానంలో ఉంటే, విమానం టికెట్లకు మినహాయింపు అడగొచ్చు. అమ్మానాన్నలు మీ మీద ఆధారపడిన వాళ్లయితే వాళ్ల టికెట్లకూ వర్తిస్తుంది. గది అద్దెకు వర్తించదు. బోర్డింగ్ పాస్‌లు పారేయకండి.

చివరగా, రాత్రుల వరుస కూడా చూసుకోండి. పోర్ట్ బ్లెయిర్ రెండు రాత్రులూ మొదట్లోనే పెట్టుకుని, హావ్‌లాక్ నుంచి అదే రోజు వచ్చి శంషాబాద్ విమానం ఎక్కుదామని చాలామంది ప్లాన్ వేస్తారు. సముద్రం బాగా లేకపోతే ఫెర్రీలు ఆపేస్తారు, అప్పుడు ఐదు విమానం టికెట్లు పోయినట్టే. ఒక రాత్రి దిగిన రోజు, ఒక రాత్రి తిరుగు విమానానికి ముందు రోజు ఉండండి. ఆ చివరి రాత్రి గదిని మాత్రం కొంచెం ఎక్కువైనా సరే, ముందు రోజు వరకు డబ్బు వెనక్కి ఇచ్చే రేటులో తీసుకోండి. ఫెర్రీ ఆగిపోతే హావ్‌లాక్‌లో ఇంకో రాత్రి గదికి ఆ డబ్బు పనికొస్తుంది.