జనరేటరు ఉంది, బ్యాకప్ ఉంది, అయినా మునిగాం

ప్రశ్న: మాది 40 మంది ఉన్న కంపెనీ. బిజినెస్ కంటిన్యుటీ ప్లాన్ (ఆపద వచ్చినా పని ఆగకుండా ఎలా నడుపుతారో రాసుకున్న ప్లాన్) చూపించమని క్లయింటు అడుగుతున్నారు. నెట్‌లో దొరికిన టెంప్లేట్ నింపి ఇచ్చేస్తే సరిపోతుందా?

ఇచ్చేయండి, క్లయింటు ఫైల్లో పెట్టుకుంటారు. కానీ అవసరం పడిన రోజు అది మీకు పనికొస్తుందా అనేది వేరే సంగతి. నాకు ఆ సంగతి హుద్‌హుద్ తుపానులో తెలిసొచ్చింది.

2014 అక్టోబరు 12, ఆదివారం. తుపాను విశాఖలోనే తీరం దాటింది. అప్పట్లో నేను అక్కడ ఒక మందుల హోల్‌సేల్ షాపులో లెక్కలు చూసేవాణ్ణి. మా ఓనరు గారు ముందుజాగ్రత్త మనిషే. జనరేటరు కొన్నారు, రోజూ రాత్రి బ్యాకప్ తీయించేవారు. సోమవారం పొద్దున పడిపోయిన చెట్లు దాటుకుంటూ షాపుకి చేరాం. ఫ్రిజ్ నిండా ఇన్సులిన్. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన సరుకు. కరెంటు లేదు, ఎప్పుడొస్తుందో తెలీదు. జనరేటర్లో డీజిలు సగం ట్యాంకే. బంకు దగ్గర చాంతాడంత క్యూ. ఫోన్లు పలకవు. పోనీ డ్రైవర్ల ఇళ్లకే వెళ్దామంటే అడ్రసులు కంప్యూటర్లో ఉన్నాయి.

బిల్లులు చేత్తో రాద్దామన్నాం. బ్యాచ్ నంబరు, ఎమ్మార్పీ స్ట్రిప్పు మీదే ఉంటాయి కదా అని. నాలుగు రాసేసరికి ఆగిపోయాం. ఏ షాపుకి ఏ రేటు, ఎవరి బాకీ ఎంత, ఇవన్నీ కంప్యూటర్లోనే. మరి బ్యాకప్? పెన్‌డ్రైవ్ క్యాషియర్ సొరుగులో ఉంది. కిటికీ అద్దాలు పగిలి వాన కొడితే కంప్యూటరూ, సొరుగూ కలిసే తడిశాయి.

అప్పుడు ఓనరు గారు ఒక మాటన్నారు: ఫ్రిజ్‌కి తప్ప దేనికీ జనరేటరు వాడొద్దు. ఫ్యాన్లు, లైట్లు అన్నీ పీకేశాం. మొత్తం వ్యవహారంలో మేం చేసిన అసలైన ప్లానింగ్ అదొక్కటే.

తర్వాత ఉద్యోగం మారి, చిన్న కంపెనీలకు ఇలాంటి ప్లాన్లే చేసిపెడుతున్నాను. మొదట అడిగేది అదే: ఏ పని ఎన్ని గంటలు ఆగితే మీ కొంప మునుగుతుంది? అన్నీ ముఖ్యమే అనే జవాబు వస్తుంది. జీతాలు 1వ తేదీన పడాలి, సరే, మరి 12వ తేదీన ఆ సాఫ్ట్‌వేర్ ఆగితే? ఇలా గుచ్చి గుచ్చి అడిగితే సాధారణంగా మూడు నాలుగు పనులే మిగులుతాయి. డబ్బు వాటి మీద పెట్టండి. ఎంతవరకు డేటా పోతే తట్టుకోగలరో కూడా అప్పుడే తేల్చుకోండి. ఒక రోజు బిల్లులు మళ్లీ ఎక్కించగలరా, వారానివి ఎక్కించగలరా?

ఇక డ్రిల్లు, అంటే ఆపద వచ్చిందనుకుని ప్లాన్‌ని పరీక్షించి చూడటం. ఒక చోట శనివారం మెయిన్ ఆపేసి, సర్వరు పోయిందనుకోండి అన్నాను. బ్యాకప్ తెరిస్తే ఫోల్డరు ఖాళీ. రోజూ రాత్రి బ్యాకప్ పూర్తయిందని మెసేజ్ వస్తూనే ఉంది, కానీ ఫైళ్లను ఎవరో ఎప్పుడో వేరే డ్రైవ్‌లోకి మార్చారు. అది డ్రిల్లులో బయటపడింది కాబట్టి నవ్వుకున్నాం.

ఆఫీసు పోతే ఇంటి నుంచి చేస్తాం అని అందరూ రాస్తారు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో ల్యాప్‌టాప్‌లే పడిపోయాయి, ఆఫీసులు బాగానే ఉన్నాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అందుకే తుపాను, వరద, వైరస్ అంటూ పేర్లు రాసుకుంటూ పోకండి. ఆఫీసు లేదు, కంప్యూటర్లు లేవు, మనుషులు లేరు, మీకు సరుకో సర్వీసో ఇచ్చేవాళ్లు లేరు, ఈ నాలుగింటికీ జవాబు రాయండి.

క్లయింటు ఐఎస్ఓ 22301 (బిజినెస్ కంటిన్యుటీకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం) సర్టిఫికెట్ కావాలంటే ముందు అగ్రిమెంట్ చూడండి. అందులో లేకపోతే చివరి డ్రిల్లు ఎప్పుడు చేశారు, ఏం ఫెయిలైంది, ఏం సరిచేశారు, ఈ ఒక్క పేజీ పంపండి. నేను పనిచేసిన చోట్ల చాలామంది క్లయింట్లు దాంతోనే సరిపెట్టుకున్నారు. ఫోన్ నంబర్లు, అడ్రసులు మాత్రం ఈరోజే ప్రింటు తీసి ఇద్దరి ఇళ్లలో పెట్టండి.