మొదటి సొంత షాట్‌గన్ కొనేటప్పుడు బ్యారెల్ కంటే ముందు స్టాక్ చూడండి

ఇన్నాళ్లూ క్లబ్ గన్‌తో ట్రాప్ (గాల్లోకి విసిరిన పళ్లెం లాంటి టార్గెట్లు మనకు దూరంగా పోతుంటే కాల్చే ఆట) ఆడుతున్నానని, అప్పుడప్పుడు స్పోర్టింగ్ (టార్గెట్లు రకరకాల దారుల్లో వచ్చే ఆట) కూడా ఆడతానని, ఇక పోటీలకు వెళ్లడానికి సొంత గన్ కొనాలనుకుంటున్నానని రాశారు. ఓవర్ అండర్ (ఒకదానిపై ఒకటి రెండు బ్యారెళ్లున్నది) మంచిదా సెమీ ఆటోమేటిక్ (ఒకే బ్యారెల్, కాల్చాక తర్వాతి కార్ట్రిడ్జ్ దానంతటదే ఎక్కేది) మంచిదా, బ్యారెల్ 30 అంగుళాలుండాలా 32 ఉండాలా, ఏ కంపెనీది తీసుకోవాలి అని మూడు ప్రశ్నలు అడిగారు. మూడింటికీ నాకు తెలిసింది చెప్తాను. కానీ మీరు అడగని నాలుగోది వీటన్నిటికంటే ముఖ్యం: ఆ గన్ మీ ఒంటికి సరిపోతుందా?

రైఫిల్‌కి వెనకవైపు ఒక సైట్ ఉంటుంది. షాట్‌గన్‌కి అది లేదు, దాని పని మీ కన్నే చేస్తుంది. చెంప స్టాక్ (గన్‌లో భుజానికి ఆనించే వెనక భాగం) మీద ఎక్కడ ఆనితే కన్ను అక్కడ నిలుస్తుంది, కన్ను నిలిచినదాన్ని బట్టే గుళ్లు పోతాయి. చెంప ఆనే ఆ పైభాగాన్ని కోంబ్ అంటారు. కోంబ్ మరీ పల్లంగా ఉంటే గన్ వెనకభాగమే అడ్డొచ్చి రిబ్ (బ్యారెల్ పైన పొడవునా ఉండే సన్నటి పట్టీ) కనబడదు. దాంతో మీకు తెలియకుండానే చెంప లేపుతారు. అలా లేపిన ప్రతిసారీ గుళ్లు ఒక్కో చోటికి పోతాయి, పైగా గన్ తన్నే తన్ను నేరుగా చెంప ఎముకకి తగులుతుంది. ఇంకొకరి కొలతల గన్‌తో పోటీ ఆడటం ఇంకొకరి కళ్లజోడుతో చదవడం లాంటిది. కొంతసేపు నడుస్తుంది, ఆ తర్వాత తలనొప్పే.

నాది సన్నటి మొహం. మా కోచ్ కోంబ్ మీద పలచటి ఫోమ్ ముక్కలు ఒక్కో పొరా అంటిస్తూ నాచేత ప్యాటర్న్ ప్లేట్ (గుళ్లు ఎక్కడ పడ్డాయో చూపే రేకు) మీద కాల్పించేవారు. పొర పెరిగేకొద్దీ ప్లేట్ మీద గుళ్ల మచ్చ పైకి జరగడం కళ్లారా చూశాక ఇక నాకు ఎవరూ నచ్చజెప్పాల్సిన పని లేకపోయింది. లెక్క కూడా తేలికే. కోంబ్ ఎత్తు ఒకటిన్నర మిల్లీమీటర్లు మారితే 15 మీటర్ల దూరంలో మచ్చ దాదాపు రెండున్నర సెంటీమీటర్లు జరుగుతుంది. ట్రాప్‌లో టార్గెట్ పగిలే దూరానికి అది రెట్టింపు పైనే. టార్గెట్ వెడల్పే 11 సెంటీమీటర్లు, అదీ పక్కనుంచి చూస్తే సన్నటి గీతలా కనబడేది.

ఈ పరీక్ష మీరే చేసుకోవచ్చు. గన్ ఖాళీగా ఉందని ఒకటికి రెండుసార్లు చూసుకోండి. షూటింగ్‌కి వేసుకునే జాకెట్టే వేసుకుని, దూరంగా ఒక చుక్కని చూసి, కళ్లు మూసుకుని గన్ భుజానికెత్తండి. ఇప్పుడు కళ్లు తెరవండి. కన్ను రిబ్ మధ్యగీతకి నేరుగా ఉండాలి. కుడికో ఎడమకో పోయిందంటే స్టాక్ పక్కవంపు, అంటే కాస్ట్, మీకు సరిపోలేదు. ముక్కుకీ పిడి పట్టిన బొటనవేలికీ మధ్య రెండు వేళ్ల సందు ఉంటే పొడవు ఇంచుమించు సరిపోయినట్టే. మోచేతి మడతలో స్టాక్ పెట్టి కొలిచే పద్ధతి ఒకటుంది, దాన్ని నేను నమ్మను. మెడ పొడవు, భుజాల వెడల్పు అందులో ఎక్కడా లెక్కకి రావు.

వీటన్నిటికంటే ముందు మీ రెండు కళ్లలో ఏది పెత్తనం చేస్తోందో తేల్చుకోండి. కుడి భుజంతో కాలుస్తూ ఎడమకన్ను పెత్తనం చేస్తుంటే ఎంత మంచి గన్ అయినా పక్కకే కొడుతుంది. కొందరు కళ్లద్దం మీద చిన్న టేపు ముక్క అంటిస్తారు, కొందరు భుజమే మార్చేస్తారు. కొత్తలోనే అయితే భుజం మార్చడమే మేలని నా అభిప్రాయం.

ఇక ఏ ఆటకి ఏ గన్ అన్నది. ట్రాప్‌లో టార్గెట్ మనకు దూరంగా, పైకి లేస్తూ పోతుంది కాబట్టి ట్రాప్ గన్‌ని కావాలనే కాస్త పైకి కొట్టేలా చేస్తారు. గుళ్లలో 60 నుంచి 70 శాతం గురికి పైన, మిగతావి కింద పడతాయి. దానివల్ల టార్గెట్‌ని బ్యారెల్ వెనక దాచుకోకుండా, రిబ్ మీద తేలుతున్నట్టు చూస్తూనే కాల్చొచ్చు. స్కీట్ (రెండు వైపుల నుంచి టార్గెట్లు అడ్డంగా ఎగిరే ఆట) గన్ సగం పైకి, సగం కిందికి కొడుతుంది. ఒలింపిక్ స్కీట్‌లో టార్గెట్ కనబడేదాకా గన్ నడుము దగ్గరే ఉంచాలి కాబట్టి ఎత్తేటప్పుడు జాకెట్‌కి తగులుకోని స్టాక్ కావాలి. అసలైన ట్రాప్ గన్‌తో స్పోర్టింగ్ ఆడితే కిందికి దిగే టార్గెట్ల మీదుగా కాలుస్తారు. స్పోర్టింగ్ గన్‌తో ట్రాప్ ఆడటం మాత్రం అంత కష్టం కాదు. మీరు రెండూ ఆడతారు కాబట్టి కోంబ్ ఎత్తు మార్చుకునే వీలున్న స్పోర్టింగ్ గన్, 12 గేజ్ (బ్యారెల్ రంధ్రం సైజు), తీసుకోమంటాను. ట్రాప్ రోజున కోంబ్ కొంచెం లేపండి, స్పోర్టింగ్ రోజున దించండి. ఆ రెండు కొలతలూ ఒక కాగితం మీద రాసి గన్ సంచిలో పెట్టుకోండి.

ఓవర్ అండరా, సెమీ ఆటోమేటికా అంటే నా ఓటు ఓవర్ అండర్‌కే. రెండు బ్యారెళ్లకి రెండు వేర్వేరు చోకులు (గుళ్లు ఎంత పరుచుకోవాలో నిర్ణయించే, బ్యారెల్ కొసలోని బిగువు) పెట్టుకోవచ్చు. ఒలింపిక్ ట్రాప్ క్వాలిఫికేషన్‌లో ఒక్కో టార్గెట్‌కి రెండు షాట్లు ఇస్తారు, రెండోది కాల్చేసరికి టార్గెట్ ఇంకా దూరం పోయి ఉంటుంది కాబట్టి అక్కడ ఇది పనికొస్తుంది. గన్‌ని మధ్యలో కీలు దగ్గర విరిచి పట్టుకుంటే ఖాళీగా ఉందని పక్కవాళ్లందరికీ కనబడుతుంది. సెమీ ఆటోమేటిక్ తన్ను మెత్తగా ఉంటుంది, ముఖ్యంగా గ్యాస్‌తో పనిచేసేవాటిది. భుజానికి గాయమై ఉంటే నిస్సంకోచంగా అదే కొనండి. కాకపోతే ఎప్పటికప్పుడు శుభ్రం చేస్తుండాలి, ఖాళీ కార్ట్రిడ్జులు పక్క స్టేషన్లో నిలబడ్డవాళ్ల మీదికి ఎగురుతాయి. ఓవర్ అండర్ తన్ను తగ్గాలంటే బరువు ఉండాలి, మూడున్నర నుంచి నాలుగు కిలోల మధ్య. పైగా ఒలింపిక్ నిబంధనల కింద 24 గ్రాముల లోడ్ (కార్ట్రిడ్జ్‌లోని గుళ్ల బరువు) దాటకూడదు, అది 28తో పోలిస్తే భుజానికి తేలికే.

బ్యారెల్ పొడవు గురించి జనం అనవసరంగా కొట్టుకుంటారు. పొడుగు మనుషులకి 32, మిగతావాళ్లకి 30 అనుకుంటే పెద్దగా తప్పు పోదు. సెమీ ఆటోమేటిక్‌తో పోల్చేటప్పుడు మాత్రం గన్ మొత్తం పొడవు చూడండి. దాని రిసీవర్ (ట్రిగ్గర్ పైనుండే లోహపు భాగం) పొడవెక్కువ కాబట్టి 28 అంగుళాల బ్యారెల్ పెట్టినా చేతిలో 30 పైచిలుకు ఓవర్ అండర్‌లాగే ఉంటుంది.

చోకులు (బిగువు పెరిగే వరుసలో ఇంప్రూవ్డ్ సిలిండర్, మోడిఫైడ్, ఫుల్): ట్రాప్‌కి మోడిఫైడ్, ఫుల్. స్కీట్ దగ్గరి ఆట, బాగా తెరిచినవి చాలు. స్పోర్టింగ్‌కి ఇంప్రూవ్డ్ సిలిండర్, మోడిఫైడ్ బిగించి వదిలేయండి. ప్రతి స్టేషన్ దగ్గరా చోక్ కీ తీసేవాళ్ల మనసు టార్గెట్ మీద ఉండదు.

కంపెనీ విషయం నేను చివరికి పెట్టింది ఊరికే కాదు. పెరాజీ, బెరెట్టా, బ్రౌనింగ్, క్రీగాఫ్ ఏది కొన్నా, సరిగా చూసుకుంటే మీ తర్వాత ఇంకొకరు వాడతారు. 1968 మెక్సికో ఒలింపిక్స్ కోసం పుట్టిన పెరాజీ ఎంఎక్స్8 ఇప్పటికీ పోటీల్లో కనబడుతుంది. అమెరికా షూటర్ కిమ్ రోడ్ ఏళ్ల తరబడి వాడిన గన్‌ని 2008లో ఎవరో దొంగిలించారు. 2012 లండన్‌లో ఆమె వేరే గన్‌తో స్కీట్ ఆడి 100కి 99 కొట్టి స్వర్ణం తీసుకెళ్లింది.

ఏ గన్ అన్నదానికంటే అది ఒంటికి సరిపోవడమే ముఖ్యం. అందుకే డబ్బు పరిమితంగా ఉంటే కొత్తదాని కోసం చూడకుండా మంచి పాత గన్ కొని, మిగిలింది స్టాక్ సరిచేయించడానికీ కార్ట్రిడ్జులకీ పెట్టండి. పాతది చూసేటప్పుడు ముందుచెక్క తీసేసి, బ్యారెల్ మూసి పట్టుకుని ఊపండి. కదిలితే వదిలేయండి. పైన ఉండే లీవర్ మూసినప్పుడు మధ్యగీతకి కొంచెం కుడివైపే ఆగితే లాకు ఇంకా అరగలేదని అర్థం, ఎడమకి దాటిపోతే బాగా అరిగిందని. స్టాక్ ఎవరైనా కోసి పొట్టి చేశారేమో చూడండి, పొడవు పెంచడం కష్టం. మీ లైసెన్సు నిబంధనలు ముందే కనుక్కుని, యజమాని పక్కనుండగా ఆ గన్‌తో ప్లేట్ మీద కొన్ని, టార్గెట్ల మీద ఒక రౌండ్ కాల్చనిస్తారా అని అడగండి. కుదరదంటే ఇంకో గన్ చూసుకోండి.