టెక్ సందేహాలు: పేర్లు మారాయి, అంకెలు మారలేదు

ప్రశ్న: మా బోర్డు మీద ఎస్‌పీఐ (చిప్‌లు డేటా మార్చుకునే తీగల పద్ధతి) ద్వారా పనిచేసే చిన్న వైర్‌లెస్ చిప్ ఉంది. దాన్ని నడిపే లినక్స్ ప్రోగ్రాము, అంటే డ్రైవర్, చాలా పాతది. రీసెట్ పిన్‌ను జీపీఐఓ (ప్రోగ్రాముతో నడిపే మామూలు పిన్) నంబరుతో నడిపేది. దాన్ని కొత్త డిస్క్రిప్టర్ పద్ధతికి, అంటే నంబరు బదులు కెర్నల్ (లినక్స్ కేంద్ర భాగం) ఇచ్చే గుర్తుతో పిన్‌ను నడిపే పద్ధతికి మార్చాను. కంపైలర్ ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వలేదు. కానీ చిప్ ఐడీ చదివితే అన్నీ సున్నాలే. పాత డ్రైవర్ పెడితే మళ్లీ పనిచేస్తోంది. డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏది ఎక్కడ కలిసి ఉందో కెర్నల్‌కు చెప్పే వివరాల ఫైలు) ఆ పిన్‌కు ‘యాక్టివ్ లో’ (వోల్టేజీ కిందికి దిగితే అమలయ్యేది) అని సరిగానే రాసి ఉంది. తప్పు ఎక్కడ జరిగింది?

జవాబు: మీరు పంపిన కోడ్‌లోనే జవాబు ఉంది. పాత డ్రైవర్ పిన్ మీద 0 రాసి, క్షణం ఆగి, 1 రాసేది. మీ కొత్త డ్రైవర్ కూడా 0 రాసి, ఆగి, 1 రాస్తోంది. ఫంక్షన్ల పేర్లు మార్చి అంకెలను అలాగే వదిలేశారు. మార్చాల్సింది ముఖ్యంగా ఆ అంకెలనే.

పాత పద్ధతిలో 0 అంటే తీగ మీద 0 వోల్టులు, 1 అంటే 3.3 వోల్టులు. డివైస్ ట్రీలో ‘యాక్టివ్ లో’ అని ఉన్నా ఆ ఫంక్షన్లు దాన్ని పట్టించుకునేవి కావు. డిస్క్రిప్టర్ పద్ధతి అలా కాదు. అక్కడ 1 అంటే ‘ఈ సంకేతాన్ని అమలు చెయ్యి’, 0 అంటే ‘విరమించు’. రీసెట్ పిన్‌కు 1 రాస్తే చిప్‌ను రీసెట్‌లో పెట్టమని అర్థం. అందుకు తీగను కిందికి లాగాలా, పైకి ఎత్తాలా అన్నది డివైస్ ట్రీని చూసి కెర్నల్ నిర్ణయిస్తుంది. మీ డ్రైవర్ చివర రాసిన 1ని కెర్నల్ తిప్పి తీగను 0 వోల్టుల దగ్గర నిలిపింది. పాపం, ఆ చిప్ అప్పటి నుంచీ రీసెట్‌లోనే కూర్చుంది. సున్నాలు కాక ఇంకేం వస్తాయి?

నమ్మకం కుదరకపోతే, కెర్నల్ లోపలి స్థితిని చూపే డీబగ్ ఫైల్ సిస్టమ్‌లోని జీపీఐఓ ఫైలు తెరిచి చూడండి. మీ రీసెట్ పిన్ వరుసలో ‘అవుట్ లో’, దాని పక్కనే ‘యాక్టివ్ లో’ అని కనిపిస్తుంది. అక్కడి లో, హై అన్నవి తీగ మీది అసలు స్థితి, తిప్పిన విలువ కాదు. మల్టీమీటర్ పెట్టినా అదే తేలుతుంది.

కాబట్టి వరుస ఇలా ఉండాలి: 1 రాయండి, ఆగండి, 0 రాయండి, మళ్లీ ఆగండి, ఆ తర్వాతే ఐడీ చదవండి. ఎంతసేపు ఆగాలన్నది చిప్ డేటాషీట్ చెబుతుంది. ఉదాహరణకు ఏటీ86ఆర్‌ఎఫ్230 రేడియోకు రీసెట్ పల్స్ కనీసం 625 నానోసెకన్లు ఉంటే చాలు. లినక్స్ డ్రైవర్ దానికి 1 మైక్రోసెకను ఇచ్చి, విడిచిపెట్టాక కనీసం 120 మైక్రోసెకన్లు ఆగుతుంది. పిన్‌ను మొదట అడిగేటప్పుడే ‘జీపీఐఓడీ_అవుట్_హై’ అని అడిగితే కరెంటు సరఫరా కుదురుకునే దాకా చిప్ రీసెట్‌లోనే ఉంటుంది. ఈ పేరు పెట్టినవారిని మాత్రం ఒకసారి నిలదీయాలనిపిస్తుంది. ఇక్కడ ‘హై’ అంటే వోల్టేజీ కాదు, అమలు. యాక్టివ్ లో పిన్‌ను ‘హై’ అని అడిగితే తీగ కిందికి దిగుతుంది! కొత్తగా వచ్చినవారిలో ఇక్కడ బోల్తా పడనివారు తక్కువ.

ఇంకో చిక్కు ఉంది. మీ డివైస్ ట్రీ సరిగా ఉంది, అందరిదీ అలా ఉండదు. పాత డ్రైవర్ ఆ గుర్తును చూసేదే కాదు కాబట్టి చాలా బోర్డులవాళ్లు యాక్టివ్ లో పిన్‌కు కూడా ‘యాక్టివ్ హై’ అని, అంటే 1 బదులు 0 రాసి ఊరుకున్నారు. అక్కడ మీరు దిద్దిన డ్రైవర్ పెడితే మళ్లీ అదే మౌనం. అన్నిటికన్నా ప్రమాదకరమైనది ట్రీలోనూ డ్రైవర్‌లోనూ తప్పు ఉండి, రెండూ కలిసి పనిచేసే బోర్డు. పరీక్షలో నెగ్గుతుంది, పక్క బోర్డులో చచ్చిపోతుంది. ట్రీ మీ చేతిలో ఉంటే దాన్నే దిద్దండి. ఇప్పటికే ఎక్కడెక్కడో పరికరాల ఫ్లాష్‌లో ఉన్న ట్రీలను మార్చలేం కాబట్టి, అలాంటి తప్పులను సరిచేసే పట్టిక ఒకటి కెర్నల్ జీపీఐఓ విభాగంలోనే ఉంది. దిద్దుబాటు ఆ పట్టికలో చేరాలి. డ్రైవర్ లోపల ‘ఈ బోర్డయితే తిప్పు’ అని రాయకండి.

మీ కోడ్‌లో మరొకటి కూడా చూశాను. పిన్ దొరకకపోతే ఏ కారణమైనా సరే, పట్టించుకోకుండా ముందుకు పోతున్నారు. కొన్ని బోర్డుల్లో రీసెట్ తీగ ఉండనే ఉండదు. అందుకే ‘ఆప్షనల్’ రకం ఫంక్షన్ ఉంది. ట్రీలో పిన్ లేకపోతే అది నల్ (ఖాళీ విలువ) ఇస్తుంది, నల్ మీద విలువ రాసినా ఏమీ కాదు. మిగతా లోపాలను మాత్రం తప్పక వెనక్కి పంపాలి. ముఖ్యంగా మైనస్ 517 అనే లోప సంఖ్యను: పిన్ ఇచ్చే కంట్రోలర్ ఇంకా లేవలేదు, కాసేపాగి మళ్లీ రమ్మని దాని అర్థం. దాన్ని మింగేస్తే చిప్ ఒక బూట్‌లో పలుకుతుంది, ఇంకో బూట్‌లో పలకదు.

ప్రశ్న: రాస్ప్‌బెర్రీ పైలో 17వ పిన్‌తో రేడియో మాడ్యూల్‌ను రీసెట్ చేసే స్క్రిప్ట్ రాసుకున్నాను. కెర్నల్ అప్‌డేట్ అయ్యాక 17 చెల్లదంటోంది. పిన్ పాడయిందా?

జవాబు: పిన్ క్షేమమే. మీరు వాడుతున్నది సిస్‌ఎఫ్‌ఎస్ దారి, అంటే ఫైళ్లలో రాసి పిన్లను నడిపే పాత పద్ధతి. అక్కడి నంబరు పిన్‌ది కాదు, మొత్తం సిస్టమ్‌లోని పిన్లన్నిటినీ కలిపి కెర్నల్ వేసే వరుస సంఖ్య. రాస్ప్‌బెర్రీ పై 4, అంతకు ముందు మోడళ్లలో 6.6 కెర్నల్ నుంచి ఆ వరుస 0 బదులు 512 వద్ద మొదలవుతోంది. మీ 17 ఇప్పుడు 529. స్క్రిప్ట్‌లో 529 అని మార్చుకోవాలని చెయ్యి దురద పెడుతుంది, వద్దు. ఇంకో అప్‌డేట్‌లో మళ్లీ మారితే మళ్లీ ఇదే ప్రశ్న పంపుతారు. 2014 జనవరిలో వచ్చిన 3.13 కెర్నల్ నుంచి డ్రైవర్లకు డిస్క్రిప్టర్లు, 2016లో 4.8 నుంచి మామూలు ప్రోగ్రాములకు జీపీఐఓచిప్ పరికరాలు ఉన్నాయి. లిబ్‌జీపీఐఓడీ అనే లైబ్రరీతో వచ్చే జీపీఐఓసెట్ ఆదేశం వాడి ‘ఈ చిప్‌లో 17వ లైను’ అని అడగండి. ఆ ఆదేశం ముగిశాక పిన్ అదే స్థితిలో నిలుస్తుందన్న హామీ లేదు. అందుకే రెండో వెర్షన్‌లో మీరు ఆపేదాకా అది నడుస్తూనే ఉంటుంది. కంప్యూటర్ వేలాడిందనుకోకండి.

ప్రశ్న: రౌటర్ వెనక రీసెట్ రంధ్రంలో సూది పెట్టి నొక్కితే ఒక్కోసారి రీస్టార్ట్ అవుతోంది, ఒక్కోసారి సెట్టింగులన్నీ పోతున్నాయి. బటన్ లోపమా?

జవాబు: లోపం కాదు. ఆ బటన్ సాధారణంగా ప్రాసెసర్ రీసెట్ పిన్‌కు కలిపి ఉండదు, మామూలు జీపీఐఓ పిన్‌కు ఉంటుంది. ఎంతసేపు నొక్కారో సాఫ్ట్‌వేర్ లెక్క వేస్తుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రౌటర్ల లినక్స్‌లో అయితే 1 సెకను లోపు వదిలితే రీస్టార్ట్, 5 సెకన్లు దాటితే సెట్టింగులు మాయం. సాఫ్ట్‌వేర్ గడ్డకట్టిపోయినప్పుడు ఎంత నొక్కినా ఫలితం లేకపోవడానికి కారణమూ ఇదే. అప్పుడు ప్లగ్ తీసి పెట్టడమే దారి.