కుమనో కొడో మా వయసోళ్లు నడవగలమా?

ప్రశ్న: మేము కడపోళ్లం, ఏటా అహోబిలం కొండెక్కుతాం. జపాన్‌లో ఉండే మా పిల్లోడు కుమనో కొడో అనే పాత తీర్థయాత్ర దారి నడుద్దాం, వేడినీళ్ల స్నానం కూడా ఉంటాది రమ్మంటాండాడు. 60 దాటినోళ్లకి అయితాదా?

జవాబు: బాగా అయితాదన్నా, పోయి రాండి. దారి మొదలయ్యే తకిజిరి నుంచి మొత్తం నడవాలంటే 40 కిలోమీటర్ల దాకా కొండదారి, అదొద్దు, బస్సులో హొష్షిన్‌మొన్ దాకా పోయి ఆడ్నుంచి హొంగూ గుడికి 7 కిలోమీటర్లు నడిస్తే చాలు, ఎక్కువ దిగుడే. దగ్గర్లోనే యునొమినె ఊరు, ఆడ త్సుబొయు అని చిన్న వేడినీళ్ల గుండం, 2004 నుంచి యునెస్కో వారసత్వంలో ఉంది, ఇద్దరే పడతారు, అరగంటే టైం. మన మహానంది కోనేరు మాదిరి బట్టల్తో దిగకూడదు, ముందే ఒళ్లు కడుక్కోవాల, ఇది మాత్రం మర్చిపోవద్దు. పక్కనే కాగే ఊటలో గుడ్లు, చిలగడదుంపలు ఉడకేసుకుంటారు, తిని చూడండి. కుమనోలోనే ఉండే నాచి జలపాతం 133 మీటర్లు, దాన్నే దేవుడని మొక్కుతారు, అదీ చూసి రాండి.