సైగల్ని ఓ మూలకు తోసేయకండి

ప్రశ్న: గృహహింస బాధితులకు సాయపడే స్వచ్ఛంద సంస్థ మాది. సాయం ఎలా అందుతుందో చెప్పే మా వీడియోకి సబ్‌టైటిల్స్ పెట్టి, తెర మూలన సైగల భాష ఇంటర్‌ప్రెటర్‌ని చేరిస్తే బధిరులకు సరిపోతుందా?

జవాబు: సరిపోదు. బధిరుల్లో చాలామందికి సైగల భాషే సొంత భాష, దాని వ్యాకరణమే వేరు. భయంలో ఉన్న మనిషి, తర్వాతెప్పుడో నేర్చుకున్న భాషలో గబగబా మారిపోయే అక్షరాలు చదవలేరు. ఇక మూలనున్న బొమ్మ ఫోన్‌లో గోరంత అవుతుంది. కనుబొమలు కనిపించవు. అడుగుతున్నారో, చెబుతున్నారో చాలా సైగల భాషల్లో తెలిసేది ఎక్కువగా వాటివల్లే.

కొత్తగా తీయండి. సైగ చేసేవారిని తెర మధ్యలో ఉంచండి. మాట, సబ్‌టైటిల్స్ తర్వాత చేర్చుకోవచ్చు. ముందు బధిర అనువాదకులతో ఫోన్‌లోనే ఓ చిత్తుప్రతి తీయించండి. స్క్రిప్టు చూడని మరో బధిర వ్యక్తి దాన్ని చూసి తనకేం అర్థమైందో చెప్పాలి. ‘గోప్యత’, ‘సమ్మతి’ లాంటివి తేడా కొట్టేది ఇక్కడే. హింసించేవాడు వినికిడి యంత్రం లాక్కోవడం, డాక్టరు దగ్గర తానే అనువాదకుడై విషయం మార్చేయడం కూడా హింసేనని వీడియోలో చెప్పండి. మామూలు స్క్రిప్టుల్లో ఇవి ఉండవు.

తల పైన కాస్త జాగా, కింద నడుము దాకా, పక్కలకు మోచేతులు చాపినా ఫ్రేమ్ దాటకూడదు. దుస్తులు గీతల్లేకుండా, చేతుల రంగుకు భిన్నంగా ఉండాలి. సెకనుకు 50 ఫ్రేములైతే మేలు. 25తో తీస్తే షట్టర్ వేగం కనీసం సెకనులో 1/100 వంతు ఉంచి, లైటు పెంచండి. లేదంటే వేళ్లు అలుక్కుపోతాయి. సబ్‌టైటిల్స్‌కి కింద చోటు ముందే వదలండి, చేతుల మీద పడితే రెండూ పోతాయి. మధ్యమధ్యలో కిటికీలు, పూలు చూపించడం ఎడిటర్ల సరదా. మాట వినిపిస్తుంటే చెల్లుతుంది గానీ, ఇక్కడ ఆ కాసేపూ వాక్యమే మాయం.

ప్రశ్న: ఒక బధిర బాధితురాలు తన అనుభవం చెబుతానన్నారు. ముఖం మసకచేసి చూపించవచ్చా?

జవాబు: వద్దు. ముఖం పోతే సగం భాష పోతుంది. పైగా బధిరుల లోకం చిన్నది, సైగ చేసే తీరును బట్టే మనిషిని పట్టేస్తారు. ఆనవాళ్లు మార్చి, బధిర నటితో చెప్పించండి, నటి అని తెరపై రాయండి. సమ్మతి పత్రాన్ని బాధితురాలికి సైగల్లోనే వివరించాలి, అదీ కుటుంబ సభ్యులతో కాదు.

ప్రశ్న: చూసేవారికి ప్రమాదం రాకుండా ఏం చేయాలి?

జవాబు: మాటలైతే సౌండ్ తగ్గించుకోవచ్చు. సైగల్ని గది అవతలి నుంచి కూడా చదివేస్తారు. అందుకే వీడియో తనంతట తాను మొదలవకూడదు, పైబొమ్మ (థంబ్‌నెయిల్) మీద ‘హింస’ అన్న మాట వద్దు. ఒక్క నొక్కుతో వేరే పేజీకి వెళ్లే బటన్ పెట్టండి. అది బ్రౌజర్ హిస్టరీని చెరపదన్నది సైగల్లో చెప్పండి. చివర్లో ఫోన్ నంబరొక్కటే ఇస్తే లాభం లేదు. మెసేజ్, వీడియో కాల్ దారులు, సైగలొచ్చిన మనిషి దొరికే వేళలు చూపించండి. అలాంటి మనిషి ఇంకా దొరకలేదంటే వీడియో విడుదల అప్పటిదాకా ఆపండి.