కాగు పక్షి కొంగా, సారసమా, లేక రెండూ కాదా?

ఫ్రాన్స్ పాలనలోని పసిఫిక్ దీవి న్యూ కలెడోనియాలో మాత్రమే ఉండే కాగు అనే ఎగరలేని పక్షిని కొన్ని పుస్తకాలు కొంగలతోనూ, మరికొన్ని సారస పక్షులతోనూ ఎందుకు చేర్చాయని, అసలు అది ఏ వర్గానిదని మీరు అడిగారు. కుటుంబంతో బ్రిస్బేన్‌లో ఉంటూ, అక్కడి నుంచి రెండు గంటల పైచిలుకు విమాన ప్రయాణంలో ఉన్న ఆ దీవి రాజధాని నూమెయాకు వెళ్లి, దానిని దాని అడవిలోనే చూసి వచ్చినవాణ్ణి కనుక నాకు తోచిన సమాధానం రాస్తున్నాను.

ముందుగా ఒక ఫిర్యాదు. మన పోటీ పరీక్షల పుస్తకాలు నిప్పుకోడి, ఈము, కివి, కాగు, డోడోలను "ఎగరలేని పక్షులు" అనే ఒకే శీర్షిక కింద వరుసగా అచ్చువేసి, అవన్నీ దాయాదులేమో అన్న భ్రమ కలిగిస్తున్నాయి. డోడో పావురాల వంశానిది. న్యూజిలాండ్ కాకపో చిలుక. అక్కడి టకాహే నీటికోళ్ల బంధువు. నేలమీద వేటాడే జంతువులు లేని దీవిలో తరతరాలుగా బతికితే ఏ వంశపు పక్షి అయినా ఎగరడం మానేయవచ్చు కాబట్టి, ఎగరలేకపోవడాన్ని చూసి చుట్టరికం కలపడం శుద్ధ తప్పు.

కాగును 1860లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు వెరో, దె ముర్ తొలిసారి శాస్త్రీయంగా వర్ణించారు. బూడిద రంగు ఒళ్లు, పొడవైన ఎర్రటి కాళ్లు, ఈకల మీద రాలే పొడి చూసి మొదట్లో దానిని కొంగలకు దగ్గరిదనుకున్నారు. ఆ తరువాత సారసాలు, నీటికోళ్లు ఉండే గ్రుయిఫార్మిస్ అనే క్రమంలోకి (క్రమం అంటే దగ్గరి కుటుంబాలను కలిపే పెద్ద విభాగం) మార్చారు. ఎక్కడా ఇమడని పక్షులన్నింటినీ ఆ క్రమంలోనే పడేసేవారు. మన రోళ్లపాడు బట్టమేక పక్షి కూడా అలా చేరినదే, దానికీ ఇప్పుడు వేరే క్రమం ఉంది.

నేను కాగును చూసింది రివియేర్ బ్లూ ఉద్యానవనంలో. నికెల్ ఖనిజం ఉన్న ఆ నేల ఇటుక పొడిలా ఎర్రగా ఉంటుంది. యాతే ఆనకట్ట నీటిలో మునిగిన చెట్లు మోడులై నిలబడి ఉంటాయి. సమాచార ఫలకాలు ఎక్కువగా ఫ్రెంచిలోనే ఉండటం వల్ల, డబ్బు పెట్టి వచ్చిన పర్యాటకుడు బొమ్మలు చూసి తృప్తి పడవలసిందే. మా వెంట వచ్చిన గైడు ఒకచోట మమ్మల్ని ఆపి, బూటు అంచుతో ఎండుటాకులను మెల్లగా గీకాడు. కాసేపటికి పొదల్లోంచి కోడిపెట్టంత పక్షి ఒకటి బయటికి వచ్చి, ఒక కాలు ఎత్తి పట్టుకుని, కదలకుండా నేలకేసి చెవి పెట్టినట్లు నిలబడింది. ఆ చీకటి అడవిలో దాని ఒళ్లు దాదాపు తెల్లగా కనిపించింది. ముక్కు, కాళ్లు, కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి. చటుక్కున మట్టిలోకి ముక్కు దించి వానపామును లాగినప్పుడు, ముక్కురంధ్రాల మీద మూతల్లా ఉన్న చిన్న పొరలు కనిపించాయి. అలాంటి పొరలు మరే పక్షికీ లేవు. అంతలో రెండో కాగు కనబడేసరికి మొదటిది తల మీది జుట్టు నిక్కబొడుచుకుని రెక్కలు పూర్తిగా చాచింది. అంతవరకు బూడిదగా ఉన్న పక్షిలోంచి నలుపు, తెలుపు, ఇటుక రంగు చారలు ఒక్కసారిగా బయటపడ్డాయి.

నా వాదనంతా ఆ రెక్కల మీదే ఆధారపడి ఉంది. దక్షిణ, మధ్య అమెరికా ఏటి ఒడ్డుల్లో ఉండే సన్‌బిటర్న్ అనే పక్షిని నేను అంతకుముందు ఒక జంతు ప్రదర్శనశాలలో చూశాను. అది కూడా ఎదుటివాణ్ణి బెదిరించడానికి అచ్చం అలాగే చారల రెక్కలను విప్పుతుంది. ఈ రెండింటినీ కళ్లారా చూసినవారికి ఇక వేరే రుజువు అక్కర్లేదని నా అభిప్రాయం. శాస్త్రజ్ఞులు మాత్రం డి.ఎన్.ఏ. దాకా వెళ్లి అదే మాట చెప్పారు. 2008లో వెలువడిన పెద్ద జన్యు అధ్యయనం ఈ రెండింటినీ తోబుట్టువులుగా నిలబెట్టింది. నేడు వీటిని యూరిపిగిఫార్మిస్ అనే ప్రత్యేక క్రమంలో ఉంచుతున్నారు. అందులో బతికి ఉన్నవి ఈ రెండు జాతులే.

చిక్కంతా ఆ క్రమం ఎవరి పక్కన కూర్చోవాలన్న దగ్గర వచ్చింది. 2004లో ఒకే జన్యుభాగం ఆధారంగా వీటిని పావురాలు, ఫ్లెమింగోలు తదితరాలతో ఒక గుంపులో చేర్చారు, అది తరువాత నిలవలేదు. 2014లో సన్‌బిటర్న్ పూర్తి జన్యుపటాన్ని పరిశీలించినప్పుడు, సముద్రం మీద తిరిగే ట్రాపిక్ బర్డ్‌లు దానికి దగ్గరివని తేలింది. ఈ బంధుత్వం నాకు ఇంకా మింగుడు పడలేదు.

అమెరికా బంధువుకూ పసిఫిక్ దీవి పక్షికీ మధ్య ఇంత దూరం ఎలా వచ్చిందంటే, గోండ్వానా అనే ప్రాచీన మహాఖండం విడిపోయినప్పుడు కాగు పూర్వీకులు న్యూ కలెడోనియా ముక్కతోపాటు కొట్టుకుపోయారని చాలామంది రాస్తారు. కానీ న్యూ కలెడోనియా ఆ తరువాత చాలాకాలం సముద్రంలో మునిగి ఉండి, సుమారు 3.7 కోట్ల ఏళ్ల క్రితమే మళ్లీ తేలిందని భూగర్భ శాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది అంటారు. కాబట్టి కాగు పూర్వీకులు రెక్కల మీదే ఎగిరి వచ్చి ఉంటారని నా గట్టి నమ్మకం. నేటికీ దాని రెక్కలు కుంచించుకుపోలేదు. ఎగరడానికి కావలసిన కండరాలే లేవు, అపాయం వస్తే వాలు మీదుగా జారుతూ దిగుతుంది.

ఈ వర్గీకరణ తగవుల కంటే కుక్కల సంగతి ముఖ్యం. 1993లో పిక్ నింగా కొండ మీద పరిశోధకులు రేడియో పరికరాలు తగిలించిన కాగులను కుక్కలు వరుసగా చంపేశాయి. ఏడాదికి ఒకే ఒక గుడ్డును నేలమీద పెట్టి, తల్లీ తండ్రీ చెరో రోజు పొదిగే పక్షికి అలాంటి నష్టం పూడటం కష్టం.

మీరు ఈ ప్రశ్న పోటీ పరీక్ష కోసమే అడిగి ఉంటే, యూరిపిగిఫార్మిస్ అని గుర్తించండి. ఇచ్చిన ఎంపికల్లో అది లేకుండా గ్రుయిఫార్మిస్ ఉంటే, ప్రశ్నపత్రం పాత పుస్తకంలోంచి తయారైందని గ్రహించి దానినే గుర్తించి మార్కు తెచ్చుకోండి.