పాత జెండా కాల్చాను, కేసు పెడతానంటున్నారు

ప్రశ్న: నేను రిటైర్డ్ లెక్కల మాస్టారిని. మా అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శిని. రెండేళ్ల నాలుగు నెలల కిందట, ఆగస్టు 17న, టెర్రస్ మీద ఏడాదిపాటు ఎగిరి అంచులు పీలికలైన జెండాను దించాను. కింద జనరేటర్ గది పక్కన ఖాళీ జాగాలో ఇత్తడి పళ్లెంలో మడిచి పెట్టి, కర్పూరం వెలిగించి కాల్చాను. చెప్పులు విడిచి, దణ్ణం పెట్టి మరీ చేశాను. పాడైన జెండాను కాల్చమని నియమాల్లోనే ఉందని చదివాను. మూడో అంతస్తాయన బాల్కనీలోంచి వీడియో తీశాడు. అప్పుడేమీ అనలేదు. ఈమధ్య మెయింటెనెన్స్ బకాయి 84 వేలు కట్టమని గట్టిగా అడిగేసరికి, ఆ వీడియో పోలీసులకిస్తాననీ, బెయిలు కూడా రాదనీ బెదిరిస్తున్నాడు. బకాయి మాఫీ చేస్తే ఊరుకుంటాడట. కమిటీ పెద్దలేమో ‘తప్పయిందని ఒక కాగితం రాసిచ్చెయ్యండి, గొడవ వదిలిపోతుంది’ అంటున్నారు. మా నాన్నగారు క్విట్ ఇండియా రోజుల్లో జైలుకెళ్లిన మనిషి. ఆయన కొడుకుని, నేను జెండాను అవమానిస్తానా? అమెరికాలో జెండా కాల్చినా నేరం కాదంటారే, ఇక్కడ గౌరవంగా కాల్చినా నేరమేనా? రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: మాస్టారూ, మీ నాన్నగారి సంగతీ మీ నిద్ర సంగతీ కాసేపు పక్కన పెడదాం. కోర్టు వాటి గురించి అడగదు. ఇంత పెద్ద ఉత్తరంలో నాకు కావలసిన ముక్క ఒక్కటే, సరిగ్గా దాన్నే మీరు రాయలేదు. ఆ జనరేటర్ గది పక్క జాగా, బయట రోడ్డు మీద నిలబడ్డ మనిషికి కనిపిస్తుందా, కనిపించదా?

ఎందుకడుగుతున్నానంటే, 1971 నాటి జాతీయ గౌరవ అవమానాల నిరోధక చట్టంలో 2వ సెక్షన్ మొదలయ్యేదే చోటుతో. బహిరంగ స్థలంలో గానీ, ప్రజలకు కనిపించే మరే చోటులో గానీ జాతీయ పతాకాన్ని కాల్చినా, చించినా, తొక్కినా, మరో రకంగా అగౌరవపరిచినా మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ‘కాల్చడం’ అనే మాట అందులో పచ్చిగా ఉంది. ‘దురుద్దేశంతో కాల్చడం’ అని లేదు. చట్టం రాసినవాళ్లు అక్కడ ఒక్క మాట ఆదా చేసుకున్నారు, దాని ఖర్చు ఇప్పుడు మీలాంటివాళ్ల మీద పడుతోంది.

మీరు చదివిన నియమం నిజమే. 2002 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న ఫ్లాగ్ కోడ్‌లో, చిరిగి పాడైన జెండాను మొత్తంగా ధ్వంసం చెయ్యాలి, వీలైతే కాల్చాలి అని ఉంది. కానీ అదే వాక్యంలో ‘ఏకాంతంగా’ అని కూడా ఉంది. మీరు కర్పూరం దాకా చదివి అక్కడే ఆపేశారు. లెక్కల మాస్టారు సమీకరణంలో సగం రాసి జవాబు వచ్చేసిందంటే ఎలాగండీ? తలుపులు మూసిన గదిలోనో, నాలుగు వైపులా గోడలున్న పెరట్లోనో చేసి ఉంటే ఈ ఉత్తరం రాసే పనే ఉండేది కాదు.

ఇంకో సంగతి. ఫ్లాగ్ కోడ్ అనేది ప్రభుత్వ సూచనల పుస్తకమే, చట్టం కాదు. నవీన్ జిందాల్ కేసులో 2004 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాట స్పష్టంగా చెప్పింది. గౌరవంగా జెండా ఎగరేసుకోవడం రాజ్యాంగంలోని 19(1)(ఎ) కింద పౌరుడి ప్రాథమిక హక్కేననీ, దానికి సహేతుకమైన పరిమితులు ఉంటాయనీ చెప్పిన తీర్పు కూడా అదే. కాబట్టి కోడ్ పాటించినంత మాత్రాన చట్టం నుంచి మినహాయింపు దొరకదు, కోడ్‌లో ఒక ముక్క తప్పినంత మాత్రాన నేరమూ అయిపోదు. మీ మనసులో ఏముందో చూపించడానికి మాత్రం కోడ్ పనికొస్తుంది.

ఇక చోటు సంగతి. మీ కాంపౌండ్ బహిరంగ స్థలం కాదు, అక్కడికి ఎవరు పడితే వాళ్లు రారు అని నేను వాదించగలను. కానీ ‘ప్రజలకు కనిపించే చోటు’ అనే రెండో మాట దగ్గర కాలు జారే ప్రమాదం ఉంది. దాదాపు ఇదే మాట ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలోనూ ఉంది. స్వరణ్ సింగ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు దానికి అర్థం చెప్పింది. ఇంటి ముందు పచ్చిక సొంతదే అయినా, ప్రహరీ బయట వీధిలో ఉన్నవాడికి కనిపిస్తే అది ప్రజలకు కనిపించే చోటే. 2020లో హితేశ్ వర్మ కేసులో, బయటివాళ్లెవరూ లేని నాలుగు గోడల మధ్య జరిగింది ఆ కిందికి రాదన్నారు. చట్టం వేరే అయినా ఆ కొలత ఇక్కడా ఇటూ అటూ ఇద్దరూ వాడతారు.

అందుకే రేపు పొద్దున్నే మీరు చెయ్యాల్సిన పని, రోడ్డు మీదికెళ్లి నిలబడడం. గేటు దగ్గర నుంచి, ఎదురు వీధి నుంచి, పక్క స్థలం నుంచి ఆ జాగా వైపు ఫోటోలు తియ్యండి, తేదీ పడేలా. ప్రహరీ ఎత్తు కొలిచి రాసుకోండి. జనరేటర్ గది గోడ అడ్డం వస్తుంటే ఎన్ని అడుగులు అడ్డం వస్తోందో చూసుకోండి. ఆ వీడియోలో రోడ్డు కనిపిస్తోందా, మనుషులు వెళ్తున్నారా అన్నది ఒకటికి రెండుసార్లు చూడండి. ఇప్పుడు హడావిడిగా గోడ ఎత్తు పెంచుదామని మాత్రం కమిటీలో ఎవరన్నా అంటే నోరు మూయించండి. అలాంటి తెలివితేటల్ని ఎస్ఐ ఇట్టే పట్టేస్తాడు.

రోడ్డుకి కనిపించదని తేలితే, మూడో అంతస్తాయన బాల్కనీ ఒక్కటే మిగులుతుంది. ఒక కాపురస్తుడు పైనుంచి తొంగి చూస్తే ‘ప్రజలకు కనిపించినట్టు’ అవుతుందా అన్న వాదనలో పాయింటు మీ వైపు మొగ్గుతుంది. కనిపిస్తుందంటే ఉద్దేశం మీద పోరాడాలి. అదీ ఓడిపోయే పోరాటం కాదు. 1971లో బిల్లు పెట్టినప్పుడు ఇచ్చిన వివరణలోనే, ఉద్దేశపూర్వకంగా బహిరంగంగా చేసే అవమానాలు తమ దృష్టికి వచ్చాయనీ, వాటికోసమే ఈ చట్టమనీ చెప్పారు. 2013 క్రిస్మస్ వేడుకలో కోయంబత్తూరులో త్రివర్ణ పతాకం వేసిన పెద్ద కేకు కోశారని పెట్టిన కేసును మద్రాసు హైకోర్టు 2021 మార్చిలో కొట్టేసింది. పైకి జరిగిన పనిని బట్టి కాదు, దాని వెనకున్న ఉద్దేశాన్ని బట్టి చూడాలంది. మన హైకోర్టులు దానికి కట్టుబడాల్సిన పని లేదు గానీ, గౌరవంగా చూస్తాయి.

ఉద్దేశానికి రుజువేది మరి? మీరు జెండా దించిన రోజు సంఘం వాట్సాప్ గ్రూపులో ‘పాత జెండాకు నియమం ప్రకారం వీడ్కోలు చెప్తున్నాను’ అని పెట్టి, గొడవ మొదలయ్యాక భయపడి తీసేశానని ఉత్తరం చివర చిన్న అక్షరాలతో రాశారు. అది చదివి నేను తల పట్టుకున్నాను. మీ చేతిలో ఉన్న అన్నిటికంటే మంచి సాక్ష్యాన్ని మీరే చెరిపేసుకున్నారు! మీ ఫోన్‌లో పోయినా పాత చాట్ బ్యాకప్‌లోనో, ఆ మెసేజ్‌ను అప్పుడే ఎవరికో ఫార్వర్డ్ చేసినవాళ్ల ఫోన్‌లోనో ఉండొచ్చు. వెతికించండి. దొరికితే ఆ ఫోన్‌ను ఉన్నదున్నట్టు ఉంచమనండి. భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద, ఆ రికార్డు ఏ ఫోన్‌లోంచి ఎలా తీసిందో ధ్రువీకరించే సర్టిఫికెట్ లేకుండా ఉత్త స్క్రీన్‌షాట్‌కు కోర్టులో విలువ లేదు. కొత్త జెండా కొన్న బిల్లు, దానికి డబ్బు మంజూరు చేసిన మినిట్స్ పేజీ, ఆ రోజు పక్కనున్న వాచ్‌మన్, ఇవన్నీ ఒక ఫైల్లో పెట్టండి.

ఆ వీడియో 38 సెకన్లుందన్నారు. మీరు దణ్ణం పెట్టింది అందులో ఉందా? లేదనే నా అనుమానం. ఇంకో సంగతి మీకు తట్టి ఉండదు. 2021 డిసెంబరులో కోడ్ మార్చి పాలిస్టర్ జెండాలను అనుమతించాక, మనం ఎగరేసేవి ఎక్కువగా అవే. నూలు గుడ్డలా పాలిస్టర్ నిశ్శబ్దంగా బూడిద కాదు. ముడుచుకుపోయి, కరిగి, బొట్లు బొట్లుగా కారుతుంది, నల్లటి పొగ వస్తుంది. పైనుంచి తీసిన వీడియోలో అశోక చక్రం సగం కరిగి, పళ్లానికి అంటుకుపోయి కనిపిస్తే చూసేవాడికి కర్పూరం కనిపించదు. అందుకే మొత్తం వీడియో, కత్తిరించనిది, తీసిన ఫోన్‌తో సహా కోర్టు ముందుకు రావాలని మేం పట్టుబడతాం. 63వ సెక్షన్ సర్టిఫికెట్ భారం ఆయనకూ తప్పదు.

కాలపరిమితి సంగతికొద్దాం. ‘నేనెప్పుడైనా కేసు పెట్టగలను’ అని ఆయనంటున్నాడు. పెట్టలేడు. మూడేళ్ల వరకు శిక్షపడే నేరానికి బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 514వ సెక్షన్ ప్రకారం మూడేళ్లే గడువు. జరిగిన రోజును వదిలేసి లెక్కిస్తే వచ్చే ఏడాది ఆగస్టు 17తో అయిపోతుంది. అంటే ఎనిమిది నెలలుంది. ఇందులో రెండు మెలికలున్నాయి. ఎఫ్ఐఆర్ నమోదైన తేదీనే లెక్కలోకి తీసుకుంటారు, చార్జిషీటు తర్వాత ఎప్పుడు వేసినా మీకు లాభం లేదు. రెండోది, నేరం ఆలస్యంగా తెలిసిందంటే తెలిసిన రోజు నుంచి లెక్కపెట్టమంటారు. ఇక్కడ ఆయన వీడియోలోని తేదీయే ఆయనకు ఆ రోజే తెలుసని సాక్ష్యం చెప్తుంది. ఆయన బాధితుడు కాదు, పోలీసులకు తెలిసిన రోజే లెక్క అని ప్రాసిక్యూషన్ వాదించొచ్చు. దానికి తోడు 519వ సెక్షన్ కింద ఆలస్యాన్ని మన్నించే అధికారం కోర్టుకుంది. కాబట్టి ఆగస్టు 18న మిఠాయిలు పంచకండి.

బెయిలు గురించి ఆయన చెప్పింది సగం నిజం. ‘మూడేళ్ల వరకు’ అనే శిక్ష ఉన్న నేరాన్ని, కాపీరైట్ కేసు ఒకదానిలో, 2022లో సుప్రీంకోర్టు కాగ్నిజబుల్ (అంటే వారెంటు లేకుండానే పోలీసులు అరెస్టు చెయ్యగలిగేది), నాన్‌బెయిలబుల్ అంది. ఆ లెక్కన ఇదీ అంతే. కానీ నాన్‌బెయిలబుల్ అంటే బెయిలు రాదని కాదు, స్టేషన్‌లో హక్కుగా అడగలేం, కోర్టును అడగాలి అని. ఏడేళ్లలోపు శిక్ష ఉన్న కేసుల్లో అరెస్టు అవసరం లేనప్పుడు బీఎన్ఎస్ఎస్ 35(3) కింద నోటీసు ఇచ్చి పిలవాలి. అంతగా టెన్షన్ ఉంటే ముందస్తు బెయిలుకు అందులోనే 482వ సెక్షన్ ఉంది. డెబ్భై ఏళ్ల మాస్టారిని బేడీలేసి తీసుకెళ్తారన్నది ఆయన కథ.

ఇప్పుడు మీ కమిటీ పెద్దల సలహా. ఆ కాగితం రాయకండి. పొరపాటున కూడా రాయకండి. ‘జాతీయ జెండాను కాల్చి తప్పు చేశాను, క్షమించగలరు’ అని మీ సంతకంతో ఒక కాగితం ఆయన జేబులోకి వెళ్లిందంటే, ఇన్నాళ్లూ లేని సాక్షిని మీరే ఆయన చేతికిచ్చినట్టు. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని కోర్టులో మీ మీద వాడకూడదు. పక్కింటాయనకు రాసిచ్చింది మాత్రం వాడుకోవచ్చు. చూశారా విడ్డూరం! పైగా ఈ నేరంలో ఆయన రాజీపడటానికి ఏమీ లేదు. కేసు రాజ్యానికీ మీకూ మధ్య, ఆయనకూ మీకూ మధ్య కాదు. ఆయన ‘వదిలేశాను’ అన్నా, అదే వీడియో చూసిన ఇంకెవరైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. వీడియో తీసేస్తానంటాడు, దాని కాపీలెన్నున్నాయో ఎవరికి తెలుసు?

అమెరికా వాదన కూడా మీ నోటి నుంచి రాకూడదు. అక్కడ 1984లో డాలస్‌లో రాజకీయ నిరసనగా జెండా కాల్చిన మనిషి కేసులో, 1989లో వాళ్ల సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా చీలి, అది భావప్రకటనే అంది. కాంగ్రెస్ వెంటనే చట్టం చేస్తే 1990లో దాన్నీ అదే ఓట్లతో కొట్టేసింది. రాజ్యాంగాన్నే సవరించి జెండాకు రక్షణ తెద్దామన్న ప్రయత్నం 2006లో సెనేట్‌లో 66-34తో ఒక్క ఓటు దూరంలో ఆగిపోయింది. జెండాను చట్టంతో కాపాడాలా, జెండా చెప్పే స్వేచ్ఛను కాపాడాలా అన్న ఆ చర్చ గొప్పదే. నాకూ అందులో ఒక అభిప్రాయం ఉంది. మన చట్టం కూడా జెండాను సక్రమ మార్గంలో మార్చాలని కోరుతూ విమర్శిస్తే నేరం కాదని మొదటి వివరణలోనే ఒప్పుకుంది. కానీ ఆ వాదన నిరసనగా కాల్చినవాడిది. మీరు దాన్ని ఎత్తుకున్నారంటే, ‘అయితే మీరూ ఏదో చెప్పదలుచుకునే కాల్చారన్నమాట’ అని పబ్లిక్ ప్రాసిక్యూటర్ లేచి నిలబడతాడు. గౌరవంగా సాగనంపాను అన్న మీ ఒక్క ఆధారమూ పోతుంది.

చివరగా మీరు మర్చిపోయిన 84 వేలు. ఆయన జెండా పట్టుకుని ఆడిస్తున్నది దీనికోసమే. ఈ బకాయి ఏ నెల నుంచి మొదలైంది? డబ్బు వసూలు దావాకూ మూడేళ్లే గడువు, ప్రతి నెల బాకీకీ దాని గడియారం వేరే. మీరు వీడియో చూసి భయపడుతూ కూర్చున్న ఈ నెలల్లోనే పాత నెలల బాకీ ఒక్కొక్కటీ కాలం చెల్లిపోతూ ఉంటుంది. మాఫీ చేసే అధికారం కార్యదర్శిగా మీ ఒక్కరికే ఎలాగూ లేదు, చేస్తే సభ్యులు మిమ్మల్ని నిలదీస్తారు. ‘మాఫీ చెయ్యి, లేదంటే కేసు’ అని ఆయన పెట్టిన మెసేజ్‌లను చెరపకుండా దాచండి. ఫిర్యాదు వెనక ఏముందో చూపించడానికి, రేపు ఎఫ్ఐఆర్ అయితే దాన్ని కొట్టేయమని బీఎన్ఎస్ఎస్ 528 కింద హైకోర్టుకు వెళ్లడానికి అవి పనికొస్తాయి. ఫిర్యాది దుర్బుద్ధి ఒక్కటే కేసు కొట్టేయించదు, మిగతా వాటికి తోడవుతుంది అంతే. సంఘం తీర్మానం చేయించి, లాయరు ద్వారా బకాయి నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అందులో జెండా అన్న మాట ఎక్కడా రాకూడదు. లెడ్జరు తెరిచి మొదటి బాకీ నెల చూసుకుని, మూడేళ్లు దగ్గరపడి ఉంటే నోటీసు జవాబు కోసం కూడా ఆగకుండా దావా వేయించండి.